బోణీ కాని రోజు

రాజ్‌విహార్ పక్కన స్వెట్టర్ల వరసలో
పది కొట్లకీ ఈ పొద్దు గుడ్డలు కప్పినారు.
నేను జిప్పులు బాగుచేసేవాణ్ని,
వాళ్లు తెరిస్తేనే నాకూ బోణీ.

ల్హామో నుదుటికి నల్లపట్టీ కట్టుకోని ఉంది.
నిన్న రాత్రి ఫోన్లో ఏదో ఊరు,
మఠం చుట్టూ మిలిటరీ లారీలంట,
ఎవురో కుర్ర సన్యాసి ఒంటికి నిప్పు పెట్టుకున్యాడంట.
పేరు రెండుసార్లు చెప్పింది.
నా నాలిక తిరగల్యా.

పదకొండు మంది, ఒక జెండా.
కలెక్టరాఫీసు దాకా నడిచినారు.
ఎస్సై మంచోడే, నెత్తి గోక్కున్యాడు:
"ఈడ ఎవురికిస్తారమ్మా అర్జీ?
మీ సర్కారు యాడో, మేము యాడో."
"తీసుకోండి సార్," అనింది,
కన్నడం కలిసిన తెలుగులో,
"ఎక్కడో ఒక చోట ఇయ్యాల కదా."

సాయంత్రం టీ తాగుతా అడిగినా,
మీ ఊరు చూసినావా అని.
లేదంట. పుట్టింది ముండగోడులో.
వాళ్ల నాయన చెప్పిన గుర్తులే:
వాగు, ఎర్రగోడ,
మూడో మలుపులో గుర్రాల కొట్టం.
ఆ మలుపు కాడ ఆమె చెయ్యి గాల్లో తిరిగింది,
దోవ చూపించినట్టు.

మాది శ్రీశైలం నీళ్ల కింద పోయింది.
మాకూ లారీలొచ్చినాయి, సామాన్లకి.
వేసవిలో నీళ్లు దిగితే
మా గడపరాయి బయటపడతాది.
పోయి దాని మీద కూచోని
ఒక బీడీ తాగి వస్తా.

చెబుదామనుకున్యా.
గడపరాయి ఉన్నోణ్ని,
ఏం మొగం పెట్టుకోని చెప్పాల?

కొట్టు కింద నుంచి పసిబిడ్డ స్వెట్టరొకటి తీసి
జిప్పు తెగిందని నా ముందర పెట్టింది.
దుడ్లు వద్దంటే విన్లేదు.
దీపాలు పెట్టే యాళకి
"బోణీ" అని
పది రూపాయలు నా చేతిలో పెట్టింది.