డొల్ల చప్పుడు

ఆదివారం పొద్దున్నే వచ్చాడు కనకరత్నం,
షిప్‌యార్డులో ముప్పైరెండేళ్లు
ఓడల పొట్టలు తట్టి చూసిన మనిషి.
చేతిలో చిన్న సుత్తి, చెవి మీద సుద్దముక్క,
జేబులో టార్చి.
అంతే సరంజామా.

ఈ సెక్రటరీ పదవి నేను కోరుకున్నది కాదు.
మీటింగుకి ఆలస్యంగా వెళ్లినందుకు పడిన శిక్ష.
లాసన్స్ బే దగ్గర మా పన్నెండు వాటాల మేడకి
పాతికేళ్లుగా రంగులు వేయించారు గాని
ఎవరూ నాడి చూడలేదు.

"హుద్‌హుద్‌కే చెక్కుచెదరలేదండీ" అన్నారు
ఎదురు వాటా విస్సంశెట్టి గారు,
కాఫీ గ్లాసు రెయిలింగు మీద పెడుతూ.
"గాలి ఒక్క రేతిరి తోస్తది బావూ.
ఉప్పు ఏ రేతిరీ మానదు" అన్నాడు కనకరత్నం,
ఆ గ్లాసు తీసి ఆయన చేతికే ఇస్తూ.

ఉప్పు సంగతి నాకు తెలీనిదా.
ఫ్రిజ్ కాళ్లు తినేసింది.
గేటు బందులు తినేసింది.
మా ఆయన స్కూటరు సైలెన్సరు రెండుసార్లు తినేసింది.
కానీ సిమెంటు కింద, పుట్టీ కింద,
మేం ఓట్లేసి ఎంచుకున్న లేత నారింజ రంగు కింద
అదే ఉప్పు విస్తరి వేసుకు కూర్చుందని
ఎందుకో తట్టలేదు.

తట్టడమే అతని పని.
రెండో అంతస్తు బాల్కనీలో బల్ల ఎక్కి
నెత్తి మీది కప్పుని
టంగ్. టంగ్. టంగ్.
మా చెవులకి అన్నీ ఒక్కలాగే.
అతను మాత్రం కళ్లు మూసుకున్నాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
టంగ్. టంగ్.
డొబ్.

మళ్లీ అక్కడే. డొబ్.
నా అరికాళ్లు చల్లబడ్డాయి.
ఆ కప్పు, పైకి వెళ్తే, నా బాల్కనీ.

అక్కడే వడియాలు ఎండబెట్టాను.
అక్కడే పదకొండు కుండీలు,
మట్టి తడిస్తే ఎంత బరువో ఏనాడూ తూచలేదు.
పోయిన డిసెంబరులో పద్నాలుగు మందిమి నిలబడి
నేవీ వాళ్ల బాణసంచా చూశాం.
పిల్లలు ఎగిరారు.
ఎగరనిచ్చాను.
పగులు అప్పటికే ఉంది, వెంట్రుకంత.
పెయింటరు అడిగాడు కూడా, "ఇదేటమ్మా?" అని.
పూడ్చెయ్ అన్నాను.

సుత్తి మొనతో రెండు దెబ్బలు.
అరచేతంత పెచ్చు ఊడిపడింది.
లోపల చువ్వ, పొరలు పొరలుగా,
వేళ్లతో చిదిపితే పాత బెల్లంలా రాలింది.
చిటికెనవేలంత ఉండాల్సింది
అగ్గిపుల్లంత మిగిలింది.
"ఇది మిమ్మల్ని మొయ్యటం నేదమ్మా" అన్నాడు,
"అలవాటు కొద్దీ ఉండిపోనాది."

ఎస్టిమేటు రాగానే వాటాలవారీగా తగువు.
కింది వాళ్లకి బాల్కనీయే లేదట, ఎందుకివ్వాలట.
ఇన్నేళ్లూ పడలేదు కదా అట.
పడేదాకా ఏదైనా పడనిదే కదా అనబోయి
నోరు మూసుకున్నాను.
శనివారం దాకా నాదీ అదే మాట.

కుండీలు దింపేశాం.
గుమ్మానికి అడ్డంగా బట్టలారేసే తాడే కట్టాం.
ఇనుప జాకీలు వచ్చి నిలబడ్డాయి,
రెండో అంతస్తు వాళ్లకి ఇప్పుడు
సముద్రం ముక్కలుగా కనిపిస్తోంది.

నాలుగు వందల మూడు మాత్రం తాళం.
ఓనరు ఫోను తీయడు.
కనకరత్నం కింద నిలబడి
ఆ బాల్కనీ కేసి చాలాసేపు చూశాడు.
దాని నీడలో వాచ్‌మన్ గౌరునాయుడు కూతురు
చాప పరుచుకుని ఎక్కాలు రాసుకుంటోంది.

అతనేమీ చెప్పలేదు.
వంగి, చాప కొస పట్టుకుని,
పిల్లతో సహా, పలకతో సహా
ఎనిమిది మూరలు ఇవతలికి లాగాడు.
చెవి మీది సుద్ద తీసి
నేల మీద పెద్ద గీత గీశాడు, ఆ గోడ నుంచి ఈ గోడకి.

ఆ పిల్ల గీతని చూసింది.
"తొక్కుడుబిళ్లా, తాతా?" అంది.