కవ్వ నోరు

గొంతులో మందు కొట్టాక
సూరాడ నూకరత్నం ఓసారి నవ్వింది.
"ఇన్నాళ్ళూ గాలాలకి ఎర నానే గుచ్చినాను బాబూ,
ఇయ్యాల గాలం నాకే ఎట్టినారు."
ఆ తర్వాత మాటల్లేవు.
నల్లటి గొట్టం అన్నం దిగే దారిన దిగి
గుండె వెనకగోడకు ఆనుకుంది.

ఛాతీ మీంచి చూసిన రోజు
నాకు దొరికినవి రెండు తెల్లటి పోగులు,
కొసల్లో అతుక్కుని కొట్టుకుంటూ.
మనిషిని పక్కనుంచి గీతలా చూస్తే
ముఖం తెలుస్తుందా?
ఇవాళ మిషను లోతును కూడా కలిపింది.
నేతపెంకు తీసి ఇంట్లోకి చూసినట్టు
పై గదిలోంచి కిందికి తొంగి చూశాను.
ఇటుక రంగులో మైట్రల్ కవాటం.
నాలుగు చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన వాకిలి
సున్నా పాయింట్ తొమ్మిది.
రెండుసార్లు గీశాను. రెండుసార్లూ అంతే.

పన్నెండో ఏట
మోకాళ్ళు వాచిన జ్వరం ఒకటి వచ్చిందట.
కళింగపట్నంలో ఆ ఏడు ఒకటే వాన.
ఉప్పు కాపడం పెట్టారట, తగ్గిందట.
జ్వరం పోతూ పోతూ
లోపలి తలుపు రెక్కల్ని మూలల్లో కుట్టేసి పోయింది.
ఇరవై రెండేళ్ళు.
ఏడు రోడ్ల కూడలిలో ఆటో దిగి
తట్ట నెత్తినెత్తుకుని వీధులు తిరిగింది.
మెట్లున్న ఇళ్ళు ఒక్కోటే మానేసింది.
ఎందుకని ఎవరూ అడగలేదు,
చేపలు ఇంకొకరు తెచ్చారు.

గొట్టం తీసి, మత్తు వదిలాక
తెర ఆమె వైపు తిప్పాను.
ఇలాంటి కవాటానికి పుస్తకాల్లో ఓ పేరుంది.
చెప్పనా వద్దా అనుకుంటుంటే
బొంగురుగొంతుతో ఆమే అంది,
"సేప నోరునాగుంది."
అవునమ్మా, మేమూ అదే అంటాం.
"ఏ సేప?"
పుస్తకంలో రాయలేదు.
బేరానికి ముందు మొప్పలెత్తి చూసే చూపుతో
తెర మీదికి వంగింది.
"కానాగంతకైతే ఇంకా పెద్దగుంటాది.
ఇది కవ్వ. ఒడ్డునేసినాక
అలగే తెరుస్తాది, నీళ్ళున్నాయనుకొని."

రెక్కలు ఇంకా మెత్తగానే ఉన్నాయి,
సున్నం పట్టలేదు, మూలల్లో నెత్తురుగడ్డ లేదు.
బెలూన్‌తో విప్పవచ్చు అని రాసి
సంతకం పెట్టాను.

"అయితే మెట్లెక్కొచ్చా?"
నెమ్మదిగా ఎక్కొచ్చు.
చెంగు సర్దుకుంది.
"పెద్దమేడ టీచరమ్మ, మూడో అంతస్తు,
కోనాం ముక్కలకి రెండొందల నలభై బాకీ.
మూడేళ్ళయింది, కిందికి దిగదు."