మూడో షిఫ్టు, రెండు వందల కాపీలు

నాలుగు అట్టపెట్టెలు
ఎలిసెయో వంటింటి బల్ల మీద దిగాయి.
పెట్టెకి యాభై.
వాడు కత్తి కోసం వెతుకుతుంటే
నయారెత్ తెచ్చి ఇచ్చింది, మాట్లాడకుండా.
మొగుడితో మాట మానేసి అప్పటికి వారం.

సమ్మె తెగాక కంపెనీ ఇచ్చిన బోనస్‌తో
కలామాలో అందరూ టీవీలు కొన్నారు,
గోడ చాలనంతవి.
పక్కింటాయన ఎర్ర పికప్ కొని
దుమ్ము పడకుండా దుప్పటి కప్పాడు.
ఎలిసెయో శబ్దం కొన్నాడు.

మా బ్యాండు పేరు రెలావే.
రాగి తీసేశాక మిగిలే బురద.
కొండను తవ్వి, నూరి, కడిగితే
రాగి ఓడెక్కి వెళ్ళిపోతుంది,
బురద ఊరి పక్కనే ఉండిపోతుంది,
గాలి తిరిగిన రోజున రొట్టె మీదికీ వస్తుంది.
రాగిలో రాగమెంతో మాకు తెలీదు,
రొద మాత్రం తెలుసు.

శాంటియాగోలో ఒకాయన పేరు మార్చమన్నాడు.
గొంతు తగ్గించమన్నాడు,
డ్రమ్స్ కూడా కాస్త.
ఇక మిగిలేదేముంది?
కాఫీకి దండం పెట్టి
ఇరవై రెండు గంటల బస్సెక్కి వచ్చేశాం.

టైర్ల షాపులో, రాత్రిళ్ళు, రికార్డింగ్.
రెండు నిలువుల ఎత్తు గని ట్రక్కు టైర్లు.
వాటి కడుపులో నిలబడి పాడాడు నిబాల్దో,
పగలు మూడో తరగతికి ఎక్కాలు చెప్పే నిబాల్దో.
రీకా రీకా ఆకు మరిగించి గొంతులో పోసుకుని
నేల అడుగు నుంచి ఒక అరుపు తోడాడు.
సగం రబ్బరు మింగింది.
మిగతా సగమే ఆల్బం.

ఒక్కరోజు మాత్రం పగలే మొదలెట్టాం.
ఐదో పాట మధ్యలో
గనిలో మందు పేల్చారు.
మీటర్ల ముళ్ళు ఎరుపులోకి దూకాయి,
పైకప్పు రేకు మీంచి మన్ను రాలింది,
నా బేసు తీగ శ్రుతి జారింది.
"ఇంకోసారి తీద్దామా?" అన్నాను.
"వెళ్ళి వాళ్ళని అడుగు యాస్నా, మళ్ళీ పేలుస్తారేమో."
అలాగే ఉంచేశాం.

అట్టల పని నాది.
చావు పూలచక్రాలకి రిబ్బన్లు అచ్చేసే కొట్టు,
అక్కడే నా ఉద్యోగం.
"కన్నీళ్ళతో, నీ మూడో షిఫ్టు వాళ్ళం."
ఆల్బం పేరు అక్కడే దొరికింది.
దోన్యా ఎడెల్మిరా తాళం నా చేతిలో పెట్టి
రాగి రంగు సిరా డబ్బా వైపు
చూడనట్టు నటించింది.
ఆ వారం ఊళ్ళో రెండు చావులు.
నూట అరవై మూడో అట్ట దగ్గర సిరా అయిపోయింది.
మిగిలిన ముప్పై ఏడూ నల్లగా వేశాను.
ఇప్పుడు కుర్రాళ్ళు ఆ నల్లవే కావాలంటున్నారు,
ఏదో అర్థముందట.
నేను కాదనను.

ఎలిసెయో నాన్న దోన్ ఫెర్మీన్,
క్రషర్ దగ్గర ముప్పై ఏళ్ళు.
కుడి చెవి ఎప్పుడో రాజీనామా చేసింది,
ఎడమది పెన్షన్ మీద ఉంది.
కుర్చీ తిప్పి ఆ చెవి స్పీకరుకిచ్చి
నలభై ఒక్క నిమిషాలూ కదలకుండా విన్నాడు.
మేం ముగ్గురం గోడకానుకుని
ఫలితాల కోసం వచ్చిన పిల్లల్లా.

అయ్యాక టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"రెండో నంబరు క్రషర్లో
తడి రాయి పడినప్పుడు వచ్చేది,
అది మీకింకా దొరకలేదు."
కాసేపాగి,
"చుట్టుపక్కలే తిరుగుతున్నారు."

అంతకన్నా మంచి మాట
ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఆ రాత్రి బల్ల దగ్గర లెక్కలు రాస్తున్నాను.
బస్సు. తీగలు. సిరా, దొంగిలించినది, సున్నా.
నయారెత్ గిన్నెలు తోముతూ
వెనక్కి తిరక్కుండానే అడిగింది:
"ఆ పేలుడున్న పాట ఎన్నోది?"
ఎలిసెయో ఉలిక్కిపడ్డాడు. "ఐదోది."
"ఆ మధ్యాహ్నం అరమీంచి నా ప్లేటొకటి
పడి ముక్కలైంది.
అదీ రాయమను."

రాశాను.
ప్లేటు, ఒకటి.