పదకొండో పట్టీ

బల్ల మీది స్పాంజి తలకి
పది పట్టీలూ చక్కగానే కుదిరాయి.
దానికేం, రాత్రి పక్కకి ఒత్తిగిలదు,
దాహమై లేవదు,
చీకట్లో కొక్కెం ఎక్కడుందని తడుముకోదు.

టెమూకాలో ముప్పయ్యేళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించిన
ఆర్చీ పరాటా వేళ్ళు
ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు, చాచుకోవు.
నిద్రలో ఆగిపోయే ఊపిరికి
ఆసుపత్రివాళ్ళు మాస్కు ఇచ్చారు.
చెంప చూపించాడు:
చెవి నుంచి ముక్కు దాకా ఎర్రటి గాడి.
"కళ్ళెం తీసిన గుర్రంలా లేనూ?"

నేను సాగుడు లెక్కలు చెప్పబోయాను.
ఆయన టేపు పక్కన పెట్టి
నా ముంజేతిని రెండు వంకర వేళ్ళతో పట్టుకున్నాడు.
"గొర్రెని ఇలా పట్టాలి.
బిగిస్తే తన్నుతుంది. వదిలితే పోతుంది.
దాని బరువు అదే నీ మోకాలికి ఆనించేలా చూడు."

ఆ రాత్రి కుట్టుమిషను దగ్గరే ఉండిపోయాను.
చెంప మీది పట్టీ విప్పేసి
బరువంతా తల వెనక గుంటలోకి దింపాను.
కొక్కెం పీకేశాను;
టోపీలా ఒంటిచేత్తో లాక్కుంటే చాలు.
కుట్టు బయటికి తిప్పాను,
చర్మానికి దారం తగలకుండా.

వారం తరవాత, వస్తానన్న పూట, ఆర్చీ రాలేదు.
భార్య ఫోన్ చేసింది:
"ఎనిమిదైంది, ఇంకా లేవలేదు.
లేపమంటావా?"

ఆమె మాట వెనక
సన్నగా, ఆగకుండా,
గాలి.