ఎనిమిది అంగుళాల అవతల

ఫహాహీల్‌లో, చేపల మార్కెట్ వెనక సందులో
లిఫ్టు పాడైన బిల్డింగు మూడో అంతస్తుకి
శుక్రవారం నమాజు అయ్యాక రెండు సైన్యాలు మెట్లెక్కుతాయి.
ఒకటి బూట్ల డబ్బాలో,
ఒకటి ఖర్జూరాల పెట్టెలో.

భోజనాల బల్ల మీద పచ్చ దుప్పటి.
కింద రెండు పాత డిక్షనరీలు తోస్తే గుట్ట.
దర్జీ దగ్గర అడిగి తెచ్చిన నీలం రిబ్బను
జీలం నది.

నాది పళ్ళ ల్యాబులో పని.
పగలు ఎవరెవరి దవడలకో పళ్ళ సెట్లు పోస్తాను.
మిగిలిన ముద్దతో రాత్రి బల్లెగాళ్ళని పోస్తాను.
అందుకే నా కాల్బలమంతా చిగుళ్ళ రంగు.
"నీ సేన కరుస్తుందా?" అంటాడు సోబ్హీ.
ఇస్కందరియా వాడు. ఊరికి పేరిచ్చినవాడి సైన్యం
తనకే కావాలని మొదటిరోజే పట్టుబట్టాడు.
నాకు ఏనుగులు మిగిలాయి.

తీర్పరి గంగులప్ప.
రాజంపేట మనిషి, మినా అబ్దుల్లాలో క్రేను నడుపుతాడు.
ఆట చట్టమంతా పొడుగు నోట్‌బుక్కులో
తన మాటల్లోనే రాసుకున్నాడు:

*గుంపులో సగం పడితే మిగతా సగానికి గుండె పరీచ్చ.*
*ఏనుగు బెదిరితే దానికి మనోళ్ళు పగోళ్ళు ఒకటే.*
*యాడికి పోతాదో పాచిక చెప్తాది.*
*కింద పడిన పాచిక చెల్లదు.*
*సేనాని మాట ఎనిమిది అంగుళాలే ఇనపడ్తాది.*
*ఆ అవతలోళ్ళు ముందు చెప్పిందే చేస్తా పోవాల.*

ఎనిమిదే ఎందుకని అడిగితే
"నలబై మీటర్ల పైన క్యాబిన్లో కూసో, తెలుస్తాది" అన్నాడు.

ఆ వారం తౌజ్ లేచింది.
మధ్యాహ్నం మూడుకే వీధిదీపాలు.
మా గాజు పలకల మీద, పళ్ళ అచ్చుల మీద
పసుప్పచ్చ పొర.
శుక్రవారం గంగులప్ప ఆలస్యంగా వచ్చాడు,
కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.
కూర్చోకుండానే నోట్‌బుక్కు తెరిచి
ఆఖరి చట్టాన్ని అడ్డంగా కొట్టేశాడు.

దుమ్ములో రేడియో పోయిందట.
చెవిలో మిగిలిన చివరి మాట, *ఎత్తు*.
గొలుసు చివర రెండు టన్నుల పైపులు ఊగుతున్నాయి,
కింద ఎవరున్నారో కనపడలేదు.
ఎత్తలేదు. ఆపేశాడు.
గాలి తగ్గిందాకా, గంటా పది నిమిషాలు,
చేతులు లీవర్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.
మూడురోజుల జీతం కోసేశారు.

కొత్త చట్టం ఎర్ర పెన్నుతో:
*అవతలోడికీ ఒక పాచిక ఇయ్యాల.*
*ఆరు పడితే, వాడు నిలబడొచ్చు.*

సోబ్హీ లేచి నిలబడ్డాడు.
ఇలా ఏ కాలంలో జరిగింది? ఏ సిపాయి ఆగాడు?
ఆజ్ఞ లేకుండా ఆగితే అది సైన్యమా, సంతా?
అరబ్బీలో, ఇంగ్లీషులో, చేతుల్తో వాదించాడు.
టీ చల్లారింది. నేను మళ్ళీ పెట్టాను.
గంగులప్ప ఒక్కటే అన్నాడు:
"జరగలా అని నీకెవరు చెప్పినారు?
నిలబడినోడి పేరు ఎవురు రాస్తారబ్బా?"

సరే, ఆడాం.
నా ఎడమ కొసన పదహారు మంది గులాబీవాళ్ళు,
సేనానికి పదకొండు అంగుళాల దూరం.
నేను పొద్దున ఇచ్చిన ఆజ్ఞ: నది వైపు.
ఆ నది అవతల సోబ్హీ గుర్రాలున్నాయని
ఇప్పుడు నాకు తెలుసు, వాళ్ళకి తెలీదు.
పాచిక వేశాను. నాలుగు.
నడిచారు.
మళ్ళీ వేశాను. దుగ.
రిబ్బను అంచుకి ఒక్క వేలెడు.
మూడోసారి చెయ్యి చెమర్చి
పాచిక గుట్టెక్కి, బల్ల దాటి,
టకటకా ఫ్రిజ్ కిందికి.

చెల్లదు. చట్టం ఉంది.
అయినా ముగ్గురం మోకాళ్ళ మీదికి దిగాం.
సోబ్హీయే ముందు. ఫోను లైటు వేసి, చెంప నేలకి ఆనించి.
"ఎంత?" అన్నాను.
పలకలేదు. చొక్కా చెయ్యి మడిచి లోపలికి పోనిచ్చాడు.

బయటికొచ్చింది పాచిక కాదు, ఏనుగు.
తొండం చివర విరిగింది, వీపంతా బూజు.
రంజానుకి ముందు బెదిరి
మైదానం విడిచి పోయిందని లెక్క రాసేసినది.