వెనక మీటరు

టేపు పట్టుడు నా పని.
అవతలి కొస సారు పట్టడు, గోడకు తగిలిస్త.
టౌన్ ప్లానింగుల ఔట్‌సోర్సింగు చైన్‌మన్ని,
పదకొండేండ్లాయె.
జీతం రెండు నెలలకొకసారి పడుతది.

కొత్తవాడల ఆ ఇల్లు నూట నలభై గజాలు.
ముందటర్రల మగ్గం గుంత పూడ్చి బండలేసిన్రు.
అయినా ఆడ కాలు పెడితె డొల్లగ మోగుతది.
బైరి అనసూర్యకు డెబ్బై దాటినయి,
జంపఖానా అంచు మలిపినట్టు మాట మలుపుతది:
"మీటరంటె ఎన్ని మూరలు బిడ్డా?"
"రెండు మూరల మీద బెత్తెడు."
"గంతేనా? గంత జాగకు గిన్ని కాయితాలా?"

వెనక అర్ర కట్టింది. పదికి పది.
రేకులు కాదు, స్లాబే. ఒక లెట్రిన్, పొయ్యికి గూడు.
ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన ఇద్దరు నర్సింగు పిల్లలు
ఎంజీఎంల నైట్ డ్యూటీ చేసొచ్చి
పగటీలి అండ్ల పంటరు.
మేం పోయినప్పుడు గడప కాడ రెండు జతల తెల్ల చెప్పులు.
"మెల్లగ మాట్లాడున్రి" అన్నది ముసలామె,
"పిల్లలు ఇప్పుడే కన్నంటుకున్నరు."
సారు గొంతు నిజంగనే తగ్గింది.
కొలతలు చెవుల చెప్పుకున్నం, దొంగలోలె.

విడువాల్సిన మీటరుల
ఆమె విడిచింది చీపురు పట్టేంత.

అర్జీ పెట్టినాయన వెనకింటి ఆరెపల్లి సాంబమూర్తి.
చెడ్డోడేం కాదు.
వంటింటి కిటికీ తెరిస్తె ఎదురుంగ సిమెంటు,
మిట్టమధ్యాహ్నం బల్బు.
ఇంటామెకు దమ్ము.
"నాకామె మీద కోపం లేదు సార్,
గాలి ఎటు నుంచి రావాల్నో చెప్పున్రి, సాలు."

సారు చెప్పిండు:
మంటలొస్తె మనిషి ఉరకనీకి,
గాలి తిరగనీకి, మోరీ తీయనీకి.
నాకు తెలుసు.
ఈ గల్లీల నడుముల కాడికి నీళ్లొచ్చిన నాడు
మంచాలు మోసిన చేతులివి.
నీళ్లు కూడ తొవ్వ అడుగుతయి,
దరఖాస్తు పెట్టయి.

"జాగ నాది కాదా?"
"నీదేనమ్మా."
"మరి?"
"నీదే గని, కట్టరాదు."
ఆమె కొంగుతోని పిట్టగోడ మీది దుమ్ము తుడిచింది,
ఎందుకో.
"మా ఆయన మగ్గం లెక్కనే అన్నట్టు.
మగ్గం మా ఇంట్లనే ఉండె.
నూలు సొసైటోళ్లది, బట్ట సొసైటోళ్లది,
మోకాళ్ల నొప్పులు మాయి."

అప్పుడు తలుపు తెరుచుకున్నది.
జుట్టు ముడేసుకుంట ఒక పిల్ల వచ్చి
టేపు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.
ఎడమ చెయ్యి మీద పెన్నుతోని రాసుకున్నది
ఇంకా చెరగలే: బెడ్ ముప్పై ఒకటి, రెండు గంటలకు.
"అమ్మమ్మా, ఖాళీ చెయ్యాల్నా?"

ఎవ్వరం ఏమనలే.
సాంబమూర్తి కిటికీ అవతల నుంచి
పోపు వాసనతోని పాటు ఒక దగ్గు వచ్చింది.

నోటీసు నేనే అతికించిన.
మైదా ఎక్కువైంది,
కాయితం కింద ఉబ్బులు లేచినయి.
వేలితోని రుద్దిన, సాపు కాలే.
ముసలామె చాయ్ ఇచ్చింది. సారు వద్దన్నడు.
నేను తాగిన.

చెప్పనే లేదు గద,
నేనుండేది కాశిబుగ్గల, మెట్ల కింది అర్రల.
కిరాయి రెండువేల రెండొందలు.
ప్లానుల ఆ అర్ర లేదు.
ప్లానుల ఆడ ఒక బాణం గుర్తు ఉంటది,
నీళ్లు ఇటు పోవాలె అని.
నేను దాని మీద పంట.

ఆ రాత్రి వాన.
తలకాడి గోడ అవతల
నీళ్లు వచ్చి తట్టినయి, జరసేపు ఆగినయి,
మల్ల తట్టినయి.
టేపు సంచిల్నే ఉన్నది.