వాడిక

నిఘంటువులో వాడుక అని ఉంది:
అలవాటు, ప్రయోగం, వ్యవహారం.
కందుకూరులో మా వీధికి ఆ మాట
ఐదుంబావుకి
క్యాను మూత తీసిన చప్పుడు.

"వాడికంటే ఏంది మాలకొండమ్మా?" అనడిగా ఓ తూరి.
"ఇట్టాంటివి అడగబాక సారూ.
నువ్వు పిలవకముందే నేనొచ్చేది"
అని లీటరు మీద కొసరు వంచింది.

శనివారం మాత్రం గంట ముందే.
మాలకొండ మీద నరసింహస్వామి
వారానికొక్కనాడే తలుపు తీస్తాడు.
"ఆయన వాడిక ఆయనది,
నా వాడిక నాది."

మా తలుపు వెనక బొగ్గు లెక్క:
పోసిన పూటకి గీత, నాగాకి సున్నా.
నెలాఖరున డబ్బులు, ఆనక తడిగుడ్డ.

మొన్న గేదె వట్టిపోయింది.
"మళ్ళీ ఈనిందాకా లేవు" అని చెప్పి పోయింది.
మర్నాడు ఐదుంబావుకి
మళ్ళీ అదే చప్పుడు.
క్యానులో ఏమీ లేదు.
"నిన్న చెప్పావు గదా?"
"నీకు చెప్పా. కాళ్ళకి చెప్పలా."

నవ్వబోయి చూసుకుంటే
గిన్నె పట్టుకుని
గడపలో నిలబడున్నా నేను.

బొగ్గుముక్కయితే తీశా గానీ
గీత గియ్యాలో
సున్నా చుట్టాలో